నీళ్ళకు అవతలి బెంచీ

విరుదునగర్,
మంగళవారం.

కోవిల్‌పట్టిలో ఉన్న మా సుబ్బులక్ష్మి అక్కకు,

ఫోను చేయకుండా ఈ రాతలేమిటని తిట్టుకోకు. మగ్గాల మోతకు నీ మరిది చెవులు పోయాయి గాని కళ్ళు పోలేదు. నేను ఏ మూల నుంచి ఫోన్లో మాట్లాడినా పెదవులు చూసి మాటలన్నీ పట్టేస్తాడు. పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసే మా అందరి మాటా అంతే కదా. నన్ను చేసుకుంటావా అని ఆయన అడిగింది కూడా షెడ్డు ఆ కొసన నిలబడి, గొంతు లేకుండా, పెదవులతోనే. ఆ ముచ్చట నీకు ఎన్నిసార్లు చెప్పి విసిగించానో!

అక్కా, ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నది ఇక కోసి తీసే దశలో లేదట. ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, తలుపు గట్టిగా మూసి, ఎన్నాళ్ళుంటాడని డాక్టరమ్మను అడిగాను. ఆమె గోడకున్న ఎక్స్‌రే ఫిలిం వైపు తిరిగి, దీపావళి దాకా ఉంటే గొప్ప అంది. నేను బయటికొచ్చి, దగ్గుకు మందిచ్చారని చెప్పాను.

మొన్న ఆదివారం ఆయనే, "ఏమే అముదా, మొకం మాడ్చుకోని కూచుండావు? రా, కమ్మాయి గట్టున పార్కు కట్టినారంట, చూసొస్తాము" అన్నాడు. ఇంట్లో అత్త ముందు చెప్పలేనిది ఆ చెరువు గట్టునైనా చెప్పేద్దామని వెళ్ళాను. చెవిలో చెబితే వినబడదు. అరిస్తే పార్కంతా తిరిగి చూస్తుంది. పెదవులతో చెప్పాలంటే ఆయన ముఖంలోకి చూడాలి, అది నా వల్ల కాదు. బెంచీ మీద మాకు చోటిచ్చిన పెద్దాయనెవరో వేరుశనక్కాయల పొట్లం మా ముందుకు చాపాడు. అవి ఒలుచుకు తిని, ఎండ తగ్గింది పోదామని లేచి వచ్చేశాను.

చెప్పనా, మాననా? నాకు దిక్కు తోచడం లేదు. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

నీ చెల్లెలు,
అముద

విరుదునగర్,
సోమవారం.

అక్కా,

నీ జవాబు అందింది. చెప్పొద్దు, ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ ఉండనీ అన్నావు. అలాగే చేద్దామనుకున్నాను.

నిన్న మళ్ళీ పార్కుకు వెళ్ళాం. చెరువు నీళ్ళు ఒకచోట పాయలా పార్కులోకి వస్తాయి, మా షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు ఎంతో అంత వెడల్పు. నన్ను ఇటు కూర్చోబెట్టి, "ఈడే ఉండు" అని, ఆగి ఆగి దగ్గుకుంటూ, చుట్టూ నడిచి అవతలి బెంచీకి పోయాడు. అక్కడున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. నా పక్కన ఊయలల దగ్గర పిల్లలు ఒకటే గోల. ఆయన నన్నే చూస్తూ పెదవులు కదిపాడు.

"డాక్టరమ్మ తలుపు అద్దముది గదే."

మాట బయటికి పోకూడదని తలుపు మూశాను గాని, ఇన్నేళ్ళు మగ్గాల మధ్య బతికినదాన్ని, నోరు దాచుకోవాలని తోచలేదు చూడు!

"ఎన్నాళ్ళుంటాడని నువ్వడిగింది చూసినా. ఆయమ్మ అట్ల తిరుక్కునె. ఏమి చెప్పె?"

ఆయన పక్కనున్న వాళ్ళకు ఒక్క ముక్క వినబడలేదు. వాళ్ళ మానాన వాళ్ళు నవ్వుకుంటున్నారు. నీ మాట గుర్తుంది అక్కా. కాని అడిగిన మనిషికి అబద్ధం ఎలా చెప్పను? చెప్పినా నా పెదవులు ఆయనకు కొత్తవా? సరే, కానీ అనుకుని తలెత్తాను. నేను నోరు తెరిచేసరికి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నేను చెప్పాను. దీపావళి దాకా అని, మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు తెరవలేదు. రెప్పలు బిగించి, రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నామె ఏమైందని భుజం తట్టింది. అప్పుడు తెరిచి, ఆమెకు నవ్వు ముఖం పెట్టి, నా వైపు చూశాడు.

"ఎండ తగ్గె, పోదామా?"

పోదామన్నాను.

వచ్చే ఆదివారం కూడా పార్కుకే అంటున్నాడు. నువ్వు రా అక్కా. ఏమీ చేయొద్దు, ఇటువైపు బెంచీ మీద నా పక్కన కూర్చో, చాలు.

నీ
అముద