ఒకరు బయట, ఒకరు ఇంట్లో

కువైట్, ఏప్రిల్

ప్రియమైన స్వర్ణలతకు,

ఈ సంగతి ఫోన్‌లో ఎత్తకు. ఇక్కడ ఫోన్ వాళ్ళదే, వైఫై వాళ్ళదే. అందుకే ఊరికి వస్తున్న దొంకేశ్వర్ హన్మయ్య చేతికి ఉత్తరం ఇస్తున్నాను.

జూలైలో మా యజమాని, మా కఫీల్, కుటుంబంతో సెలవులకు దక్షిణ ఇటలీకి వెళ్తున్నాడు. కొన్నాళ్ళు సముద్రం ఒడ్డున, తర్వాత పల్లెలో, ఆలివ్ తోటల మధ్య ఒక ఇంట్లో. డ్రైవర్‌గా నన్ను తీసుకుపోతున్నారు. ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో నన్నే చూడమన్నారు. చూస్తున్నాను. కానీ నా దారి వేరు. తోట దగ్గరికి ఒక ఏజెంటు వ్యాను పంపుతాడు. ఎక్కితే అక్కడే పొలాల్లో పని, జీతం రెండింతలు. కాగితాలు ఉండవు. కొన్నేళ్ళు ఇంటికి రాలేను. నువ్వు ఊ అంటేనే ఎక్కుతాను.

చిన్నుకు ముద్దులు.
నీ రంజిత్

ఆర్మూర్, మే

ప్రియమైన బావకు,

పసుపు అమ్మాం. ధర పర్వాలేదు. చిన్ను నీ ఫొటోకు మీసాలు గీసింది.

నువ్వు రాయని సంగతి ఒకటి మా తమ్ముడు రాహుల్ ఫోన్‌లో చెప్పాడు. "అక్కా, బావ ఇటలీ నుంచి వాపస్ వస్తడని జమానత్ నేనే ఉన్న. నువ్వేం ఫికర్ చెయ్యకు" అని నవ్వాడు.

వాడు ఆ ఇంట్లోనే వంటవాడు. నువ్వు తిరిగి రాకపోతే, పూచీ పడ్డందుకు వాళ్ళు పట్టుకునేది వాణ్ణే. నీ వీసా తెచ్చింది కూడా వాడే. మొగణ్ణి దాటించడానికి తమ్ముణ్ణి కుదువ పెట్టానని మా అమ్మకు చెప్పాలా? ఊ అనను.

హన్మయ్య తిరిగొస్తూ తెస్తున్న మామిడి తొక్కు డబ్బా అడుగున ఈ ఉత్తరం పెట్టాను.
నీ జవాబు కోసం,
స్వర్ణ

కువైట్, జూన్

ప్రియమైన స్వర్ణకు,

నీ ఉత్తరం తొక్కు నూనెలో తడిసి వచ్చింది. అయినా ప్రతి అక్షరం చదివాను.

కఫీల్ పిల్లలు అక్కడి తిండి తినరని వాళ్ళ అమ్మ, మేడమ్ చెవిన వేశాను. వంటకు రాహుల్‌నూ తీసుకుపోతున్నారు. వాడికి అంతా చెప్పాను. "నన్ను ఇడిసిపెట్టి పోదామనుకున్నవా బావా?" అన్నాడు. కొన్ని రోజుల తర్వాత వాడే వచ్చి, "వ్యాన్‌ల ఇద్దరికి జాగ ఉంటదా?" అని అడిగాడు.

ఉంటుంది. వెనక ఎవరూ మిగలరు.
ధైర్యంగా ఉండు,
రంజిత్

ఇటలీ, జూలై

ప్రియమైన స్వర్ణకు,

కఫీల్‌కు అనుమానం వచ్చింది. ఇక్కడ దిగగానే ఒక మాట చెప్పాడు: మాలో ఒకరు బయటికి పోతే ఒకరు ఇంట్లో ఉండాలి. పోయినవాడు రాకపోతే ఉన్నవాడిదే పూచీ. ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన దగ్గరే. సముద్రాన్ని కారు అద్దంలోంచే చూశాను.

ఇప్పుడు ఆలివ్ తోట ఇంట్లో ఉన్నాం. ఇవాళ వ్యాను వచ్చే రోజు, సరుకులకు వెళ్ళాల్సింది నేను. వంటింట్లోకి పోయి రాహుల్‌తో, "నీ బట్టలు సరుకుల సంచిల వెట్టుకో" అన్నాను. బయటికొచ్చి కారు బానెట్ ఎత్తాను. కారు మొరాయిస్తోంది, రాహుల్ నడిచి వెళ్తాడని మేడమ్‌తో చెప్పాను.

వాడు సంచితో వచ్చి నా దగ్గర ఆగాడు. "మరి నువ్వు బావా?"

మేడమ్ గుమ్మంలోనే ఉంది. "టమాటలు గట్టియి చూసి తే" అన్నాను.

పొద్దుగూకినా వాడు రాలేదు. కఫీల్ నా ఫోన్ తీసుకున్నాడు. సెలవులు ముగించి రేపే కువైట్‌కు తిరుగు ప్రయాణం. ఈ ఉత్తరాన్ని తోటమాలి పోస్టులో వేస్తానన్నాడు.

మీసాలు నిజంగానే పెంచుతున్నానని చిన్నుకు చెప్పు.

రాహుల్ నీకు ఫోన్ చేస్తాడు. తిట్టకు. తిన్నాడో లేదో అడుగు. ఎక్కడున్నాడో మాత్రం అడగకు, తెలిసినా నాకు చెప్పకు. కువైట్‌లో దిగగానే వాళ్ళు నన్ను అడుగుతారు.

నీ రంజిత్