తొంభై ఎనిమిది బై తొంభై ఒకటి

మార్చి 3, సోమవారం

ఉదయం 6:30. ఈ రోజు నుంచి సీజన్ ముగిసేదాకా, అంటే సరిగ్గా నలభై ఒక్క రోజులు, ఏ బాస్కెట్‌బాల్ టీము గురించీ నా నోట ఒక్క అభిప్రాయం రాదు. మంచిదీ రాదు, చెడ్డదీ రాదు.

కారణం కూడా రాసి పెట్టుకోవడం మంచిది. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనన్న మాట ఇది: "సుత్తులు మూడు క్వార్టర్లు ఆడి, నాలుగో క్వార్టర్‌కి చేతులెత్తేసే రకం. వాళ్ళ అభిమానులూ అంతే."

బావమరిది సుత్తుల టీము అభిమాని. డ్రైవింగ్ నేర్చుకుంటూ సగంలో మానేశాడు, కంప్యూటర్ కోర్సు కూడా సగంలో మానేశాడు. అవి నాకు గుర్తు లేవు. వాడికి గుర్తున్నాయి. తింటున్నవాడు లేచి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం తీశాడు.

"నది అవతల గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇరవై ఒకటో తేదీలోగా చెప్పాలి. వద్దందామనుకున్నా బావా. ఇప్పుడు ఆలోచిస్తా."

వాడు వెళ్ళాక మా ఆవిడ అంది: "ఏవండీ, రోజంతా కలిపి మీరు మాట్లాడేది పది మాటలు. అందులో తొమ్మిది ఆ బంతి గురించే. ఆ తొమ్మిదీ మా తమ్ముడికే తగలాలా?"

నిజమే. మా అద్దాల దుకాణంలో పదకొండేళ్ళుగా మేమిద్దరమే. పెద్ద పలక లేపాలంటే నాలుగు చేతులు కావాలి. వాడు వెళ్ళిపోతే నాకు మిగిలేవి ఫొటో ఫ్రేములే. అది ఒక్కటే అయితే మరొకరిని చూసుకోవచ్చు. అది ఒక్కటే కాదు.

మా ఆవిడకి మాట ఇచ్చాను. నలభై ఒక్క రోజులు ఎంతసేపు!

మార్చి 4, మంగళవారం

8:10. ఫొటోగ్రాఫర్ ఫ్రేముల కోసం వచ్చాడు. "నిన్న డేగల ఆట చూశారా? ఏమంటారు?"

డేగలు నా టీము. "అద్దం ఎంత మందం కావాలి?" అన్నాను.

సాధించాను! మధ్యాహ్నానికి పదకొండు పలకలు కోశాను. నోరు మూసుకుంటే చెయ్యి ఇంత ఆడుతుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

పలకల మధ్య ఒరిపిడి రాకుండా పాత పేపర్లు పెడతాం. అద్దం కొయ్యడం నాకు నేనే నేర్చుకున్నాను. ఈ ఆట గురించి తెలిసిందంతా ఆ పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే. మా ఆవిడ నిన్న కట్టలన్నీ వెతికి క్రీడల పేజీలు తీసేసింది. ఇళ్ళ అద్దె ప్రకటనలు మిగిల్చింది. చదివాను. పర్వాలేదు.

నోటు పుస్తకం ఎప్పటిలాగే: ఎడమ పేజీలో కొలతలు, కుడి పేజీలో స్కోర్లు. స్కోరు రాసుకోవడం అభిప్రాయం కాదు.

ఈ రోజు అభిప్రాయాలు: సున్నా.

మార్చి 6, గురువారం

9:40. బావమరిది పుట్టీ పిసుకుతూ, "నిన్న సుత్తులు పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచారు బావా" అన్నాడు. అని ఆగాడు.

నేనూ ఆగాను. "మంచిది" అన్నాను.

"మంచిది" అభిప్రాయమా? గంటసేపు ఆలోచించాను. కాదు, మర్యాద.

పగులు ఎక్కడుందో తెలియని పలకను చూసినట్టు వాడు నన్ను చూశాడు. మళ్ళీ పుట్టీ పిసకడంలో పడ్డాడు.

అభిప్రాయాలు: సున్నా. కనుబొమ్మలు ఎగరేయడం: ఒకసారి.

మార్చి 8, శనివారం

సాయంత్రం 5:50. రేడియో. డేగలకీ సుత్తులకీ పోటీ! మూడో క్వార్టర్ ముగిసేసరికి మావాళ్ళు 82, వాళ్ళు 67. తలుపు వేసుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

6:35. సుత్తులు 98, డేగలు 91.

నాలుగో క్వార్టర్‌లో! నేను చేతులెత్తేస్తారన్న ఆ నాలుగో క్వార్టర్‌లోనే! ముప్పై ఒకటి కొట్టి, మాకు తొమ్మిది ఇచ్చారు.

నేనన్నది తప్పని వాడికి చెప్పాలి.

6:50. చెప్పకూడదు. "సుత్తులు బాగా ఆడారు" అనేది అభిప్రాయమే. మాట ఇచ్చాను కదా! ఇదెక్కడి చిక్కు!

మార్చి 9, ఆదివారం

ఆదివారం భోజనానికి బావమరిది రాలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి. మా ఆవిడ మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసింది.

మార్చి 10, సోమవారం

8:30. పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేసింది. వెయిటింగ్ రూము కౌంటర్‌కి అద్దం కావాలట, పది మిల్లీల మందం. కొలతలు చెప్పింది, రాసుకున్నాను. శనివారం పుస్తకంలో ఎక్కించకుండా వదిలేసిన స్కోరు కూడా అప్పుడే రాసేశాను. పక్కన బావమరిది ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. గెలిచినవాడి ఈల. నేను ఏదో ఒకటి అంటానని చూస్తున్నాడు. కడుపు ఉబ్బిపోతోంది.

11:15. నియమాన్ని మళ్ళీ చదివాను. "నా నోట రాదు" అని ఉంది. చేత్తో రాయకూడదని లేదు! అయితే:

తుఫాన్లు: దూరం నుంచి బంతి విసరడం ఒక్కటే వచ్చు. ఎదుటివాళ్ళు వస్తుంటే పక్కకి జరిగి దారి ఇచ్చేంత మర్యాదస్తులు.

గుర్రాలు: బస్సులో సీటు కోసం "మీరు కూర్చోండి, కాదు మీరు కూర్చోండి" అనుకునేవాళ్ళలాగా బంతి అందించుకుంటూనే ఉంటారు. ఎవరో ఒకరు వెయ్యాలి కదా!

డేగలు: ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎదురుగా అడ్డుకునేవాడు ఉండడు. గాలి కూడా ఉండదు. అయినా పడదు. కొత్త కోచ్ టైమ్ అవుట్ అడిగేది తనకి దాహం వేసినప్పుడే.

సుత్తులు:

ఇక్కడ ఒక్క మాట రాయాలి. అది కాగితానికి చెప్పేది కాదు.

12:20. రాయడం చాలలేదు. వెనక గదిలో నిలువుటద్దం ఉంది. అద్దం మనిషి కాదు కాబట్టి దానికి చెప్పొచ్చు. గుర్రాల గురించి నాలుగు నిమిషాలు చెప్పాను. వెనక నుంచి ఎవరో, "మీరన్నది నిజమేనండీ, ఆ పొట్టివాడు బంతి వదలడు" అన్నారు. ఆ అద్దమే కొనడానికి వచ్చిన టైలరమ్మ.

అద్దం కొనుక్కుని వెళ్ళింది. నాకు చెప్పుకోవడానికి అదీ లేదు.

మార్చి 13, గురువారం

డాక్టరమ్మ అద్దం పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాం. సందు మెట్లు. ఇరవై రెండు కిలోలు. ఫ్రేములో పెడితే అడ్డంగా ఆరు సెంటీమీటర్ల సందు. నిలువుగా పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ. కోసి సరిచేయడానికి కూడా లేదు!

"ఇది నా కౌంటర్‌కేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

మళ్ళీ దించాం. మెట్ల మీద బావమరిది అన్నాడు: "నేనే టేపు తప్పు పట్టి ఉంటా బావా."

4:00. నోటు పుస్తకం చూశాను. ఎడమ పేజీలో డాక్టరమ్మ కొలత: 98 బై 91.

కుడి పేజీలో శనివారం ఆట ఎదురుగా, ఫోన్‌లో ఆవిడ చెప్పిన కొలత: 104, 76.

వాడు నేను రాసింది రాసినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు.

మార్చి 14, శుక్రవారం

9:00. చెప్పేద్దామని వాడి బల్ల దగ్గరికి వెళ్ళాను. కొలత బదులు స్కోరు రాశానంటే, ఏ స్కోరు అంటాడు. శనివారంది అంటే, ఆ ఆట మాట వస్తుంది. ఆట మాట వస్తే నాలుగో క్వార్టర్ వస్తుంది. వాడి బల్ల మీది పుట్టీ డబ్బా సర్దాను.

వాడే అన్నాడు. "ఇక్కడ చెయ్యి నిలవట్లేదు బావా. పదకొండేళ్ళలో ఇలాంటి తప్పు చెయ్యలేదు. అక్కడైతే మిషనే కోస్తుందట, చేతి పని లేదు."

నేను "ఊఁ" అన్నాను.

అభిప్రాయాలు: సున్నా. ఇంత చెత్త సున్నా ఇంతవరకూ రాయలేదు.

మార్చి 17, సోమవారం

క్షౌరశాల. సగం గడ్డం గీశాక మంగలి, "తుఫాన్లదే ఈసారి కప్పు" అన్నాడు. గడ్డానికి కత్తి ఆనించి ఉండగా మనిషి అన్న మాట లెక్కలోకి రాదు. రెండు అభిప్రాయాలు.

బస్సులో కండక్టర్. ఆయన అడగలేదు. టికెట్ వెనక్కి తిప్పి డేగలు ఎక్కడ నిలబడాలో గీసి చూపించాను. మూడు.

పోస్ట్‌మ్యాన్. నాలుగు. కానీ అవి అభిప్రాయాలు కావు, వాస్తవాలు.

ఊళ్ళో అందరితో మాట్లాడాను. మాట్లాడాల్సినవాడు మూడు అడుగుల దూరంలో పుట్టీ పిసుకుతున్నాడు.

మార్చి 19, బుధవారం

7:15. మా ఆవిడ టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ, "తమ్ముడు శుక్రవారం ఫ్యాక్టరీకి ఫోన్ చేసి వస్తానని చెప్తాడట. వాడికి మీరేమన్నారు?" అంది.

"ఏమీ అనలేదు."

"అద్దం తప్పుగా కోశానని బావకి కోపం, పలకరించడం కూడా మానేశాడు అంటున్నాడు."

"ఏమీ అనొద్దన్నావుగా!"

"ఆట గురించి వద్దన్నాను. మనిషితో వద్దన్నానా?"

ఆ రెండూ వేరని ఆవిడ అనుకుంటోంది. వాడికి జ్వరం వచ్చినప్పుడు "మీ టీములో సెంటర్ ఆడేవాడి మోకాలు ఎలా ఉంది?" అని అడిగాను. వాడికి అర్థమైంది. నాకు వేరే భాష రాదు.

మార్చి 20, గురువారం

10:30. కొత్త అద్దం. 104 బై 76. మూడుసార్లు కొలిచాను. చెరో వైపు పట్టుకుని మెట్లు ఎక్కాం. రెండో అంతస్తుకి చేరేసరికి లోపల డాక్టరమ్మ ఎవరి నోట్లోనో అద్దం పెట్టి చూస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"ఈసారైనా సరిపోతుందా? సుత్తుల డిఫెన్స్‌లాగా సందులు ఉండవు కదా?"

బావమరిది మొహం ఎర్రబడింది. నా వైపు కూడా చూడలేదు.

10:41. అయిపోయింది.

"డాక్టరమ్మగారూ! సుత్తుల డిఫెన్స్‌లో సందులా? ఎనిమిదో తేదీన నాలుగో క్వార్టర్‌లో మా డేగలకి ఎన్ని పాయింట్లు ఇచ్చారో తెలుసా మీకు? తొమ్మిది! పన్నెండు నిమిషాల్లో తొమ్మిది! పదిహేను వెనకబడి గెలిచారు. చేతులెత్తేస్తారని ఒక తెలివితక్కువవాడు అన్నాడు. వాడికి ఆట తెలియదు."

బావమరిది అన్నాడు: "బావా, అద్దం దించు."

"దించను. ఇంకా ఉంది."

"చేతులు లాగేస్తున్నాయి బావా!"

"కొలత తప్పు నీది కాదు. నేను రాసింది తప్పు. నువ్వు అచ్చు అలాగే కోశావు. తొంభై ఎనిమిది బై తొంభై ఒకటి."

వాడు పలక మీదుగా తల ఎత్తాడు. "ఇంకోసారి చెప్పు."

"తొంభై ఎనిమిది. తొంభై ఒకటి."

"ఓరి బావా! మా స్కోరు నాచేతే కోయించి, రెండంతస్తులు మోయించావా?"

వాడు నవ్వడం మొదలుపెడితే అద్దం ఊగింది. డాక్టరమ్మ పరుగున వచ్చి మధ్యలో పట్టుకుంది. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న పెద్దాయన మాట్లాడలేక నాలుగు వేళ్ళు చూపించాడు. నాలుగో క్వార్టర్ అని. ఆయనా విన్నాడన్నమాట ఆ ఆట!

అద్దం ఫ్రేములో దిగింది. వెంట్రుక కూడా దూరదు.

మెట్లు దిగుతూ వాడన్నాడు: "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీ అక్కకి మాట ఇచ్చాను."

"మా అక్కకా! నేను నీకు కోపమనుకుని చచ్చాను కదా బావా!"

"కోపం కాదు. అయినా మీ సెంటర్ ఉన్నాడే, వాడు వెనక్కి పరిగెత్తడం ఎప్పుడైనా చూశావా? బస్సు తప్పిపోయినవాడిలా—"

"మొదలెట్టావా మళ్ళీ!"

వీధి చివరిదాకా అరుచుకున్నాం. అభిప్రాయాలు: పద్నాలుగు వరకూ రాసుకున్నాను. తర్వాత పెన్ను తీసే తీరిక లేదు.

మార్చి 21, శుక్రవారం

9:30. బావమరిది దుకాణం ఫోన్ నుంచి ఫ్యాక్టరీకి చేశాడు. నేను పుట్టీ డబ్బా మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ నిలబడ్డాను.

"రాలేనండీ. లేదండీ, జీతం బానే ఉంది. ఇక్కడ పని సగంలో ఉంది." ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. "అక్కడ అందరూ తుఫాన్ల అభిమానులే బావా. డిఫెన్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ళతో రోజంతా ఎలా ఉంటాం?"

తప్పు అద్దం పారేద్దామన్నాను. వాడు ఒప్పుకోలేదు. తెల్ల మార్కర్‌తో దాని మీద అరచేయంత అక్షరాలతో "సుత్తులు 98, డేగలు 91" అని రాసి, సరిగ్గా నా బల్లకి ఎదురుగా గోడకి బిగించాడు. నాలుగు మేకులు. వాడు సగంలో వదిలేసే రకమని అన్నది నేనే.

మార్చి 23, ఆదివారం

మూడు కంచాలు. మా ఆవిడ నవ్వుతూనే వడ్డించింది. అరగంట తర్వాత చెవులు మూసుకుంది. "ఏవండీ, ఆ మాట రేపటి నుంచైనా నిలబెట్టుకుంటారా?"

నిలబెట్టుకుంటానన్నాను.

మార్చి 24, సోమవారం

ఉదయం 6:30. ఈ రోజు నుంచి సీజన్ ముగిసేదాకా, అంటే సరిగ్గా ఇరవై రోజులు, ఏ బాస్కెట్‌బాల్ టీము గురించీ నా నోట ఒక్క అభిప్రాయం రాదు. ఒకే ఒక్క సవరణ: తప్పు ఒప్పుకోవడం అభిప్రాయం కిందికి రాదు.

8:05. బావమరిది వచ్చాడు. నిన్న సాయంత్రం సుత్తులు గుర్రాల చేతిలో ఓడిపోయారు. నాలుగో క్వార్టర్‌లోనే. వాడు గోడ మీది అద్దాన్ని తుడుస్తున్నాడు. చాలా నెమ్మదిగా. నావైపే చూస్తూ.

8:06.

8:07. "అను బావా" అంటున్నాడు.

8:08. రేపటి నుంచి.