ఆ ఒక్క రోజు సెలవు

చెల్లీ,

అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయని నవ్వకు, ఎడమచేత్తో రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు నన్ను ఓదారుస్తావే గాని నా మాట వినవు.

పోయిన నెల నువ్వు, "అక్కా, మిషను ముందు కూర్చున్న గంటకే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయే" అన్నావు. "కుట్టుపనిలో మామూలేలే, ఈ ఆర్డరు కానీ, చూద్దాం" అని కొట్టిపారేశాను. అప్పటికే నాకు ఏడాదిగా అదే తిమ్మిరి. ఆ పనిలో నిన్ను పెట్టించింది నేనే కదా, చెప్పడానికి నోరు రాలేదు.

నేను సెలవు అడిగినప్పుడల్లా మా సూపర్‌వైజరు కూడా, "ఈ ఆర్డరు కానీ" అనేవాడు. ఒకటి అయ్యేలోపే ఇంకొకటి వచ్చేది. మొన్న కాలరు కుడుతుంటే కత్తెర చేతిలోంచి జారింది. కింద పడిన చప్పుడు వినేదాకా నాకు తెలియలేదు. అప్పుడు భయం వేసి ఆసుపత్రికి పరిగెత్తాను.

డాక్టరమ్మ నా బొటనవేలి కింద కండ నొక్కి చూసింది. "మొదట్లోనే వచ్చుంటే పట్టీ కట్టి, విశ్రాంతి ఇస్తే సరిపోయేదేమో. ఇప్పుడు ఆపరేషన్ చేసినా పట్టు పూర్తిగా వస్తుందని చెప్పలేనమ్మా" అంది. సూపర్‌వైజరును తిట్టుకోబోయాను. వాడి మాటే నీకు అప్పజెప్పానని గుర్తొచ్చి, ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాను.

ఆపరేషన్ బుధవారం. మీ బావగారు తోడుంటారు. నన్ను చూడ్డానికి నువ్వు రావద్దు. నీకు ఒక్క రోజే సెలవు దొరికితే, ఆ రోజు వెళ్లి నీ చెయ్యి చూపించుకో.

నీ అక్క