రీలు మార్చే సందులో బోధ

ప్రభువులో ప్రియమైన భాగ్యమ్మ అక్కకు తమ్ముడు ఎల్లన్న వందనాలు. వనపర్తి దగ్గరి ఈ సంత ఊళ్లో మన సంఘమంతా క్షేమం. గద్వాల దవాఖానలో నీవూ, నీ చేతికింది రోగులూ క్షేమమని తలుస్తాను.

బోధలో నా నోటి వేడి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదక్కా. ఈమధ్య ఇక్కడికి డేరా సినిమా వచ్చింది. యంత్రం నడిపేది జాఫర్. రీలు మార్చడానికి ఆట ఆపినప్పుడల్లా నేను లేఖనం చేతబట్టి జనం మధ్య నిలబడి, "ఈ డేరా మీద అగ్ని పడుతది!" అని గర్జించేవాణ్ణి. అతడు యంత్రమున్న రేకుల గదిలోంచి వచ్చి నన్ను బయటికి నెట్టేవాడు.

ఒక పగలు అతడే పిలిచాడు. "జర లోపలికి రా, పాదిరి సాబ్. దయ్యం ఏడుందో చూపెట్టు, నేనే ఎల్లగొడ్త." ఫిల్ము చూపాడు. అన్నీ కదలని బొమ్మలే! బొమ్మకూ బొమ్మకూ మధ్య ఒక రేకు వెలుగుకు అడ్డం తిరుగుతుందట. ఆటలో చాలాసేపు తెరమీద చీకటే, కంటికి తెలియదంతే. వెదురు బద్దలకు మేకులు కొట్టి తానే చేసుకున్న గీతల యంత్రం కూడా చూపాడు. ఒక కొసతో చిన్న బొమ్మ అంచులు దిద్దితే, ఇంకో కొసకున్న పెన్సిలు అదే బొమ్మను నాలుగింతలు గీస్తుంది. నా లేఖనంలో పెట్టుకునే వాక్యం కార్డు మీది గొర్రెపిల్లను దిద్దాను. వంకర కాళ్లతో దున్నపోతంత వచ్చింది. ఇద్దరం పగలబడి నవ్వాం. సినిమావాడితో నవ్వానే అని తర్వాత నామీద నాకే మండింది.

దాచింది ఇప్పుడు చెప్తాను. ఆ శనివారం ఆటలో అతని గది తలుపుకు బయట గొలుసు పెట్టాను. అతడు రాకుంటే ఒక్కసారైనా బోధ ముగించొచ్చని. తలుపు బాదుతుంటే కోపంతో బాదుతున్నాడనుకొని గొంతు ఇంకా పెంచాను. యంత్రంలో ఇరుక్కున్న ఫిల్ము దీపం వేడికి అంటుకుందని, గదిపైన మంట లేచాక గాని తెలియలేదు.

గొలుసు నేనే తీశాను. అతని రెండు చేతులూ కాలాయి. జనం పూయడానికి సిరా, పేడ తెచ్చారు. "దగ్గరికి రాకుండ్రి!" అని అరిచి, నీవు నేర్పినట్టు వాపు రాకముందే ఉంగరం తీసి, చాలాసేపు బావినీళ్లు పోసి, ఉతికిన పంచె కప్పాను. ఆ నీళ్లే వేళ్లను కాపాడాయన్నాడు డాక్టరు.

"ఎల్లన్న నోరు తెరిస్తే నిప్పు రాలె, మళ్ల ఆయనే బతికిచ్చె" అని సంఘం నాకు దండలు వేసింది. ఆ రోజే ఠాణా అమీను వచ్చి, డేరాలో టికెట్లు చించే కురుమూర్తిని పట్టుకుపోయాడు. జాఫర్‌తో పోట్లాడాడు గనుక గొలుసు పెట్టింది వాడేనని. వారం రోజులు దండలు నా మెడలో, దెబ్బలు కురుమూర్తి వీపున. లేఖనం ఏ పుట తెరిచినా నా గురించే రాసినట్టుంది. ఎక్కడ నిలబడినా ఆ రేకుల గదిలోనే ఉన్నట్టనిపించింది.

ముందు జాఫర్‌కు చెప్పాను.

"తలుపు కొట్టింది నీకు వినబడ్డదా?" అన్నాడు.

"వినబడ్డది."

"మరి?"

లేచి ఠాణా తొవ్వ పట్టానక్కా.

నిన్న అమీను ముందు ఒప్పుకున్నాను. కురుమూర్తిని విడిచి నన్ను లోపలేశారు. ఈ జాబు తెచ్చింది అతనే. "గద్వాల మా ఊరి తొవ్వే, ఇయ్యి" అని చెయ్యి చాచాడు, నా మొహం చూడకుండానే. ముందు అన్నం పెట్టు. వీపు చూపమంటే సిగ్గుపడతాడు. నీవే అంగీ విప్పించి చూడు.

ఇట్లు,
ఠాణా గదిలోంచి నీ తమ్ముడు
ఎల్లన్న