ముందు చక్రాల మొనగాడు

కరీమన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఆదోని మిల్లు ఓనరు కొడుకు, ఊర్లో ఎవనికీ లేని బండి కావాలని బొంబాయి నుంచి ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చినాడు. నువ్వు నీ హెరాల్డు కారును తిప్పిన మాదిరే మిల్లు ఆవరణలో పత్తిగింజలు చల్లించి, వెనక చక్రాలు జార్చి గిర్రున తిప్పుతానన్నాడు. ఆ బండిని లాగేది నీ దాని మాదిరి వెనక చక్రాలు కాదు, ముందు చక్రాలు! పండ్లు చూడకుండా, కొమ్ముల రంగు చూసి ఎద్దును కొన్నట్టు కొన్నాడు. వెనకభాగం జారనే లేదు. మూతి నేరుగా పోయి పత్తి మూటల్లో దూరింది. కళ్లకున్న నల్లద్దాలు మాత్రం తియ్యలేదు, మొనగాడు!

సాయంత్రం మన షెడ్డుకొచ్చి, "మీ అన్న పాత హెరాల్డు నాకియ్యప్పా" అన్నాడు. అడక్కుండానే ఎక్కి కూర్చున్నాడు. కాళ్లందక సీటు ముందుకు జరపబోయినాడు.

"దిగు" అన్నాను.

ఆ సీటు నువ్వు కడసారి జరుపుకున్న కాడనే ఉందన్నా.