మొదటి వరుసలో మీ ఫోల్డర్

వదినా,

మీరు ఉద్యోగం మానేసిన రోజు నుంచి మన మధ్య మాటల్లేవు. నా ఫోను ఎత్తడం లేదని ఈ ఉత్తరం అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. చింపెయ్యకుండా చదవండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మన ఆసుపత్రిలో డయాలసిస్ రోగులకు వంతులు వేసే, మీరు రాసిన ప్రోగ్రామ్ పొద్దున్నుంచి తెరుచుకోవడం లేదు. ‘మాడ్యూల్ దొరకలేదు’ అని, తనకు కావలసిన ముక్కేదో లేదని ఒకటే పాట. మూడుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించాను. వంతులు కాగితం మీద రాస్తే ఒకే మిషనుకు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. కామెర్ల వైరస్ ఉన్నవాళ్ళను వేరే మిషనుకు పంపేది కూడా ఆ ప్రోగ్రామే కదా. అక్కడ నేను పొరబడితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో!

చివరికి, అది మాడ్యూళ్ళ కోసం ఏయే ఫోల్డర్లలో వెతుకుతోందో ఆ జాబితా తెర మీదికి తెప్పించాను. మొదటి వరుసలోనే మీ పేరున్న ఫోల్డర్ కనిపించింది. మీరు వెళ్ళిన సాయంత్రం కోపం పట్టలేక దాన్ని చెరిపేసింది నేనే. కంప్యూటర్ ఆపలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎలాగో నడిచింది. ఈ పొద్దున కరెంటు పోయి ఆగిపోయింది.

మీ దగ్గర కాపీ ఉంటే అన్నయ్యతో వెంటనే పంపండి. నేను ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

ఇంకో మాట. డాక్టరుగారు మీకు ఫోను చేస్తారు, గట్టిగానే మాట్లాడతారు. ఆ జాబితా చూశాక కూడా నేను, వెళ్తూ వెళ్తూ మీరే చెరిపేశారని ఆయనతో చెప్పాను. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి.

కాపీ మాత్రం ముందు పంపండి.

మీ ఆడపడుచు