ఫారెస్టు గుట్ట మీద నెమలి

ఆదివారం, పండుకునే ముందు

పెండ్లయిన కాడినుంచి రేణుక అడుగుతనే ఉంది, ఊరి బయట ఫారెస్టోళ్ల గుట్టకు పోయి నెమళ్లు చూద్దామని. కరెంటు ప్లాంటుల షిఫ్టు ఉందని ఎప్పుడూ తప్పించుకున్న. ఇయ్యాల పోయినం.

పైకెక్కి బండ మీద కూసున్నం. ఏడికి పోయినా నా కండ్లు మా ప్లాంటున్న శక్తినగర్ దిక్కే పోతయి, పాడు ఆదత్. చూస్తే ఒక పొగగొట్టంల పొగ లేదు. యూనిట్ ఆగిందా, నా బాయిలర్ కాడ ఏమన్న అయిందా అని అటే చూస్తున్న. అప్పుడే రేణుక నా చెయ్యి గట్టిగ పట్టుకొని, "చూడుండ్రి" అని గుసగుసలాడింది. "ఆ, ఆ" అన్న, కండ్లు గొట్టాల మీదనే పెట్టి. ఆ యూనిట్ రిపేరుకు బంద్ చేసింది మేమే కద అని యాదికొచ్చి ఇటు తిరిగేసరికి పొదలు ఊగుతున్నయి, అంతే.

దారి పొడుగునా ఆమెకు ఒకటే సంబురం. "చూసిండ్రు కద?" అంటె, చూసిన అన్న.

ఇందాక అన్నం వడ్డిస్తు అడిగింది: "నెమలి వెంట పిల్లలెన్ని ఉండె? నేను సరిగ్గ లెక్కవెట్టలే."

పిల్లలు గూడ ఉండెనా!

"నాలుగు" అన్న.

"నేను గూడ నాలుగే అనుకున్న" అని మురిసిపోయింది.